పైనుంచి చూస్తే మనిషి

మొన్న మా అక్క మనవడి పెళ్ళి కంకిపాడు దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. పాస్టరుగారి ప్రార్థన అయిపోయి, కేకు కోయడం కూడా అయ్యి, జనం చూపులు బిర్యానీ వైపు మళ్ళుతున్న వేళకు, బెజవాడ బెంజ్ సర్కిల్ నుంచి వచ్చిన స్టూడియో కుర్రాడు అందర్నీ బయట పచ్చిక మీదికి తోలి, ఆకాశంలోకి ఒక డ్రోను వదిలి, మీరు కూడా పైకి చూసి చెయ్యూపండి తాతయ్యా అని నన్ను పురమాయించాడు. ఈ వయసులో పైకి చూస్తే మెడ పడుతుంది, చెయ్యెత్తితే భుజం పడుతుంది, రెండూ కలిపి చేస్తే మనిషే పడతాడు. అయినా పెళ్ళివారి మాట కాదనలేక చెయ్యెత్తబోతూ పక్కకు చూద్దును గదా, అక్క లేదు. ఆ రెక్కల రొద చెవిన పడగానే కొంగు తల మీదికి లాక్కుని లోపలికి వెళ్ళిపోయిందట. నాయనమ్మకు డ్రోనంటే భయం అని పిల్లలు నవ్వుకున్నారు. నేనూ నవ్వాను, నవ్వడం నాకు చిన్నప్పటి జబ్బు. కానీ అది భయం కాదని ఆ పచ్చిక మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

చదువుకీ నాకూ తొమ్మిదో తరగతిలోనే పెద్దమనుషుల సమక్షంలో విడాకులైపోయాయి. అప్పట్లో వాయుసేనలోకి కుర్రాళ్ళను తీసుకుని వాళ్ళే పని నేర్పేవారు. మా మేష్టారు పీడ విరగడైందని సంతోషంగా సంతకం పెట్టారు. చేరి, పాకి, డెబ్భైల నాటికి హెలికాప్టర్ సిబ్బందిలో తేలాను. పైలట్లిద్దరూ ముందు కూర్చుంటే, నేను వెనక తెరిచిన తలుపు దగ్గర నడుముకు పట్టీ కట్టుకుని కూర్చుని, ఇంజను మూలుగు వింటూ, కింద ఏముందో వాళ్ళకు చెబుతూ, దించాల్సిన సరుకు దించేవాణ్ణి.

ఆ కొలువులో నియమాలు కొత్తకోడలి మీద పెట్టే ఆంక్షల్లా ఉండేవి. పరగడుపున ఎగరకూడదు, రెండు గుడ్లు తినాల్సిందే. ఇద్దరు పైలట్లూ ఒకే వంట తినకూడదు, ఒకరికి కడుపు చెడితే రెండోవాడైనా నిలబడాలని. వేలికి ఉంగరం ఉండకూడదు, తలుపుకో కొక్కేనికో చిక్కుకుంటే వేలే పోతుందని. జలుబు చేస్తే నేల మీదే, ముక్కు మూసుకుపోయినవాడు పైకెళ్తే చెవులు పగులుతాయి. ఇక రాయని నియమాలు వేరు. ఎగరబోయే ముందు ఫొటో దిగరు. ఎంత అలిసిపోయినా ఇది ఆఖరి ట్రిప్పు అని ఎవడూ నోరు జారడు, మరో ట్రిప్పు అనే అంటారు. ఆఖరు అనే మాట పైవాడికి వినబడితే నిజమనుకుంటాడని వాళ్ళ నమ్మకం.

అన్నిటికన్నా నాకు సరదాగా ఉండేది పొద్దున్నే డాక్టరుగారి దర్శనం. మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ మూడే ప్రశ్నలు వేసేవారు. నిద్రపోయావా, తిన్నావా, ఇంట్లో అంతా క్షేమమేనా. ఇంటి దగ్గర దిగులున్నవాడి కళ్ళు కింద నేలను కాక తన ఇంటినే చూస్తుంటాయి గనక వాణ్ణి ఎగరనివ్వరు. మూడో ప్రశ్నకు నేను రోజూ ఒకే జవాబు చెప్పేవాణ్ణి. నేనిక్కడున్నాను గదా సార్, ఇంట్లో అందరూ క్షేమంగానే ఉంటారు అని. ఆయన రోజూ కొత్తగా విన్నట్టు నవ్వేవారు.

డెబ్భై ఏడు వేసవిలో సెలవు మీద అక్క ఇంటికి వెళ్ళాను. బావ వాళ్ళది దివిసీమలో, అవనిగడ్డ దాటాక సముద్రం వైపున్న చిన్న ఊరు. బావ ఊరి చర్చి చూసుకుంటూ, రెండెకరాలు చేసుకుంటూ ఉండేవాడు. సాయంత్రం వాకిట్లో నులకమంచాలు వాల్చుకుని కూర్చున్నప్పుడు, అంత పైనుంచి మేం కనబడతామా అని అక్క అడిగింది. అడక్కపోయినా వాగేవాణ్ణి, అడిగాక ఆగుతానా? నిలబడి చేతులూపేవాళ్ళు పైకి ఆవగింజంత కనబడతారక్కా, తల తప్ప ఏమీ ఉండదు, నీకు నేను కావాలంటే వాకిట్లో వెల్లకిలా పడుకుని చేతులు చాపు, మా అక్కేనని గుర్తుపట్టి జీళ్ళ పొట్లం విసురుతాను అన్నాను. అందులో అబద్ధం లేదు. పైనుంచి చూస్తే పడుకున్న మనిషే పూర్తి మనిషి.

“నీ నోరు పడ. బతికుండగానే శవంలా పడుకోమంటావా” అని అక్క విసనకర్రతో ఒకటేసింది. బావ నవ్వి నవ్వి పొలమారాడు.

ఆ కార్తీకంలోనే ఉప్పెన వచ్చింది. నా తరంవాళ్ళకు దాని గురించి చెప్పక్కర్లేదు, తరవాతివాళ్ళకు చెప్పినా అందదు. మా దళాన్ని గన్నవరం పంపారు. బెజవాడలో ఇళ్ళల్లో ఆడవాళ్ళు రాత్రీ పగలూ వండి కట్టిన పులిహోర పొట్లాలు లారీల్లో వచ్చేవి. అవి నింపుకోవడం, వెళ్ళడం, విసరడం, మళ్ళీ రావడం. మొదటిరోజు మనుషుల్లా పనిచేశాం, తరవాత గానుగెద్దుల్లా. దివిసీమకు పోయే దారులు తెగిపోయాయి, కబురు తెచ్చే నాథుడు లేడు. అక్క కొడుకు మాత్రం అప్పుడు కంకిపాడులో మా అమ్మ దగ్గరున్నాడు. వాణ్ణి తలచుకున్నప్పుడల్లా వాడికి అమ్మా నాన్నా ఉన్నారో లేదో అనే ఆలోచన వెంటే వచ్చేది. మా వంతు అప్పటిదాకా వేరే వైపు పడింది. ఒక పొద్దున మాత్రం పటం మీద మా దారి గీత అక్క ఊరి వైపు గీశారు.

డాక్టరుగారు నాడి పట్టుకున్నారు. నిద్ర, తిండి అయ్యాయి. ఇంట్లో అంతా క్షేమమేనా అన్నారు. క్షేమమే సార్ అన్నాను. ఆయన నా చెయ్యి వదల్లేదు. రోజూ చెప్పే జవాబేదీ అన్నట్టు నా మొహంలోకి చూసి, హెలికాప్టర్ నడిపే మా కెప్టెన్‌ను పిలిచారు. కెప్టెన్ మాటల పొదుపరి. మీవాళ్ళెవరు ఆ వైపు అని ఒక్కటే అడిగాడు. చెప్పాను. నా పట్టీ విప్పించి, నాతో పనిచేసే పంజాబీ మిత్రుడికి కట్టించాడు.

నేను నేల మీద పొట్లాలు అందిస్తూ ఉండిపోయాను. ఆ నియమం తప్పని ఇప్పటికీ అనను, ఆ తలుపు దగ్గర నేనుంటే పట్టీ తెంచుకుని దూకేవాణ్ణేమో. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వెళ్ళొచ్చారు. రెండోసారి వచ్చాక పంజాబీవాడు టీ గ్లాసు పట్టుకుని నా పక్కన కూలబడ్డాడు. అప్పటికి మాకు ఒక లెక్క ఏర్పడిపోయింది, కదిలేవాళ్ళకు పొట్లం, పడుకున్నవాళ్ళకు ప్రార్థన. అంతకన్నా ఆగితే పెట్రోలు చాలదు. వాడు టీ తాగకుండానే అన్నాడు, ఒక చర్చి స్లాబు మీద ఒక ఆడమనిషి శవం ఉంది, వెల్లకిలా, చేతులు సిలువలా చాపి. అది చూడలేక మొహం తిప్పుకున్నానన్నాడు. మళ్ళీ తనలో తాను అనుకుంటున్నట్టు, పొద్దున తల తూర్పుకు ఉన్నట్టుంది, ఇప్పుడు పడమరకు ఉంది, నా కళ్ళు అలిసిపోయాయి భాయ్ అన్నాడు.

చేతిలో పొట్లాలు ఏమయ్యాయో నాకు తెలియదు. ఎండ కళ్ళల్లో పడకుండా తిరిగి పడుకునే శవం లోకంలో ఉండదు. కెప్టెన్ దగ్గరికి పరుగెత్తి, అది మా అక్క, నేనే పడుకోమన్నాను అన్నాను. వేసవిలో చేసిన వేళాకోళం ఆ గాలిదుమ్ములో నిలబడి అప్పజెబుతుంటే, నన్ను నమ్మేవాడెవడా అని నాకే అనిపించింది. జన్మంతా జోకులేసినవాడి నిజానికి విలువెంత? ఆయన నన్ను ఎగాదిగా చూసి, పొద్దుట్నుంచి నీ నోట ఒక్క జోకు రాలేదు, పద అన్నాడు. పద అన్నది నన్ను కాదు, పంజాబీవాణ్ణి. నన్ను డాక్టరు మళ్ళీ చూసేదాకా నేను నేలమనిషినే. పొద్దు వాలుతోంది, చీకటి పడితే ఎగరకూడదు. అది ఆ రోజుకు ఆఖరిదని అందరికీ తెలుసు. మరో ట్రిప్పు అనే వెళ్ళాడు.

తిరిగొచ్చి దిగాక రెక్కలు పూర్తిగా ఆగేదాకా తాడు దాటి ఎవరూ దగ్గరికి పోకూడదు. అదీ నియమమే. ఆ తాడు పట్టుకుని నిలబడ్డాను. ఇంజను ఆపినా రెక్కలు ఓపట్టాన ఆగవు, తీరిగ్గా, దయ లేకుండా తిరుగుతూనే ఉంటాయి. ఆగాక తలుపులోంచి ముందు పంజాబీవాడు దిగాడు. తరవాత, వాడి జాకెట్టు కప్పుకుని, వాడి చెయ్యి పట్టుకుని, పెదాలు పగిలిపోయి, అక్క దిగింది. వెనక బావ లేడు.

బావ ఉప్పెన రాత్రే నీళ్ళల్లో పోయాడట. స్లాబు మీద ఇంకా కొందరు ఉండేవారట, నీళ్ళు తీశాక గట్టు వెంబడి అవనిగడ్డ వైపు నడిచిపోయారట. రమ్మంటే తను రానందట, మా తమ్ముడు వస్తాడని. ఇవన్నీ తరవాత తెలిసినవి. అప్పుడు మాత్రం తాడు దగ్గరికి వచ్చి, ఏడుపు కూడా లేని గొంతుతో అంది.

“పడుకోమన్నావు గదరా. పడుకున్నాను. రెండుసార్లు నా మీంచే పోయావేంరా?”

అందులో ఉన్నది నేను కాదక్కా అన్నాను. విన్నదో లేదో తెలియదు. విన్నా నమ్మిందో లేదో ఇన్నేళ్ళలో నేనూ అడగలేదు. ఆ తరవాత ఎంత ఉక్కపోసినా అక్క ఆరుబయట మంచం వేయించుకోలేదు. లోపల కూడా ఒత్తిగిలే పడుకుంటుంది.

పెళ్ళి హాల్లో వెతికితే, వడ్డన బల్లల వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. బయట రొద ఇంకా వినబడుతూనే ఉంది. ఈ డ్రోనుకు రెండు గుడ్లు తినిపించక్కర్లేదు, నాడి చూడక్కర్లేదు, ఇంట్లో క్షేమమేనా అని అడిగే పని అసలే లేదు. నిలబడ్డవాణ్ణీ పడుకున్నవాణ్ణీ ఒకేలా, వెంట్రుకతో సహా పట్టుకుంటుందట. మా కళ్ళకు అందనివన్నీ దానికి అందుతాయి. మంచిదే, అప్పుడే ఉండుంటే ఎంతమంది దక్కేవారో. నేనూ ఒక కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. కాసేపటికి అక్క అడిగింది.

“అందులో ఎవరన్నా ఉంటార్రా?”

“ఎవరూ ఉండరక్కా. కింద ఆ కుర్రాడే తిప్పుతాడు.”

తలుపులోంచి బయటికి చూసింది. పచ్చిక మీద పిల్లా పెద్దా అందరూ మెడలెత్తి, నోళ్ళు తెరిచి, చేతులు ఊపుతూనే ఉన్నారు.

“మరి ఎవరికిరా చేతులూపుతున్నారు?”

లేచి వెళ్ళి ఆ తలుపు మూసి వచ్చాను.