మా యశోదమ్మ నడుము వంపు

మా ముత్తాతగారు సంస్థానానికి దివాను. ఆయన తండ్రిగారు ఏనుగెక్కితే తప్ప ఊరేగింపు కదిలేది కాదు. మా తాతగారు ఎదురైతే తాసీల్దారు గుర్రం దిగేవాడు. అమెరికాలో మేముండే ప్లేనోలో ప్రతి కృష్ణాష్టమికీ మా ఇంటికొచ్చిన తెలుగు కుటుంబాలకు ఈ మాటలు నిలబడి చెప్పేవాణ్ణి. చెప్పి, పూజ అల్మరాలోని జానెడు దంతపు విగ్రహాన్ని చూపించేవాణ్ణి. యశోదమ్మ, చంకన కృష్ణుడు, బిడ్డ చేతిలో వెన్నముద్ద. మా ఆస్థాన శిల్పి చెక్కాడని, బిడ్డ బరువుకు తల్లి నడుము అలా ఒరగడం అతని గొప్పతనమని ముగించేవాణ్ణి. మాకు మిగిలిన వైభవం అదొక్కటే.

ఎనభైల మొదట్లో ఒక కృష్ణాష్టమి ఉదయం అమ్మనూ నా భార్యనూ మ్యూజియంకు తీసుకెళ్లాను. మధ్యయుగపు ఫ్రాన్సు దంతపు బొమ్మల ప్రదర్శన. మొదటి అద్దాల పెట్టెలోనే మా యశోదమ్మ నిలబడి ఉంది! అదే ఒరుగు, అదే చిరునవ్వు, చంకన అదే బిడ్డ. కింద పలక మీద మేరీమాత, బాల యేసు అని రాసి ఉంది. బిడ్డ చేతిలోది ఆపిల్ పండట. ఏనుగు దంతమే వంపు తిరిగి ఉంటుంది కాబట్టి బొమ్మ కూడా ఆ వంపునే నిలబడుతుందట.

అమ్మ చెప్పులు విప్పి దణ్ణం పెట్టింది. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమండీ, సాయంత్రం స్పీచ్ ఉందా, క్యాన్సిలా?"

"ఉంది," అన్నాను బిగుసుకుని.

సాయంత్రం ఇల్లు నిండింది. దివానుగారి దాకా బాగానే వచ్చాను. ఇంతలో డాక్టరుగారి పాప అల్మరా దగ్గరకు వెళ్లి నిలబడింది.

"అంకుల్, యశోదా ఆంటీకి శారీ ఎందుకు లేదు? హెడ్ మీద క్రౌన్ ఎందుకు?"

నా భార్య పగలబడి నవ్వింది. నేను దిక్కుతోచక అమ్మ వైపు చూశాను.

"మీ ముత్తాతగారు దొర బంగళా వేలంలో కొన్నారట్రా," అంది అమ్మ తాపీగా. "మా అత్తగారు చెప్పేవారు."

"ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేం?"

"నువ్వంత బాగా చెబుతుంటే ఎలా ఆపనూ?"

ఇల్లంతా గొల్లుమంది. డాక్టరుగారు కళ్లు తుడుచుకుంటూ, "మ్యూజియంకి ఫోన్ చేయండి సార్, ఎగిరి గంతేసి కొంటారు," అన్నారు.

"మా వంశంలో దేవుణ్ణి అమ్మిన వాళ్లు లేరండీ," అని నడుము నిటారుగా పెట్టి అన్నాను. అనగానే నవ్వు తన్నుకొచ్చి, కడుపు పట్టుకుని వంగిపోయాను. అమ్మ మేరీమాతకు బొట్టు పెట్టి, బిడ్డ చేతిలోని ఆపిల్‌కు ఇంత వెన్న అద్దింది. ఆ రాత్రి హారతి పాట నవ్వకుండా పాడినవాళ్లు లేరు.

ఆవిడ ఇప్పటికీ మా అల్మరాలోనే ఉంది. ఆవిడ కోసం చేయించిన వెండి మందిరాన్ని తాతగారి రోజుల్లోనే అమ్మేశారు.