చెవులపిల్లులకు కాపలా

నా చిన్నప్పుడు నా అంత తెలివైనవాడు నాంపల్లిలోనే లేడని నాకు గట్టి నమ్మకం. ఆ తెలివితోనే ఒకరోజు మూడు పసిప్రాణాలను ఆకలికి మాడ్చబోయాను.

మేము స్టేషన్ వెనక, పట్టాల పక్కన కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. పెరట్లో నడుమెత్తు గడ్డి. సెలవురోజు పొద్దున్నే బంతి వెతుక్కుంటూ పోతే గడ్డిలో చిన్న గుంట, అందులో మూడు కుందేలు పిల్లలు. మా దిక్కు వాటిని చెవులపిల్లులంటారు. పేరులో పిల్లి ఉంది గానీ, పిల్లిని చూస్తే గుండె ఆగిపోయే ప్రాణం. అసలు పిల్లి గోడ మీద కూర్చునే ఉంది. తల్లి జాడ లేదు. ఇక వీటికి నేనే దిక్కని కర్ర పట్టుకుని గూటి ముందు బైఠాయించాను. అన్నానికి పిలిచినా లేవలేదు. ఎండ దిగింది. తల్లి రాలేదు. పిల్లలు కదలడం కూడా మానేశాయి. నాకు ఏడుపొచ్చింది.

అబిడ్స్‌లో పని చూసుకుని వచ్చిన మా నాయనమ్మ నన్ను చూసి సంచి కింద పెట్టింది.

"పొద్దుగాల సంది గీడనే కూసున్నవా? గట్లయితే అదెట్ల వస్తదిరా? యాడనో దాక్కొని నిన్నే చూస్తుంటది."

సగం జీవితం చేన్లో గడిపిన మనిషి. తల్లి చీకటి పడ్డాకే వచ్చి పాలిచ్చి పోతుందని, మనిషి దగ్గరుంటే రాదని చెప్పింది.

"మరి పిల్లి?"

"పిల్లి వస్తదో రాదో. పాలు లేకుంటే మాత్రం సచ్చుడు ఖాయం. లోపటికి నడువు."

నేను కదల్లేదు. అప్పుడామె గూటి చుట్టూ జానెడు వెడల్పున ముగ్గు చల్లింది. పొద్దునకి ముగ్గు చెదరకపోతే తల్లి రానట్టు. అప్పుడు పిల్లలు నావి. చెదిరితే నేను మళ్లీ ఆ వైపు పోకూడదు.

ఆ రాత్రి రైలు కూసిన ప్రతిసారీ ఉలిక్కిపడ్డాను. తెల్లవారుతుండగానే పరుగెత్తాను. ముగ్గు ఒక పక్క చెదిరి ఉంది. వచ్చింది తల్లో, పిల్లో. గడ్డి తొలగించడానికి చెయ్యి రాలేదు. నాయనమ్మే తొలగించింది. మూడూ ఉన్నాయి, పొట్టలు బూరెల్లా ఉబ్బించుకుని.

మంచినీళ్ల కోసం వంటింట్లోకి పోతే పొయ్యి పక్కన కాచి చల్లార్చిన పాలు, దూదివత్తి, పాత చీరముక్క పరిచిన గంప కనిపించాయి. అంత ధీమాగా మాట్లాడిన మనిషికీ నాకున్నంత భయమే ఉందన్నమాట. దాన్ని దాచుకునే నన్ను అక్కణ్నుంచి లేపింది. పక్కకు తప్పుకోవడం నాకు ఇవాళ్టికీ కష్టమే. నా మనవడు ఒక్కడే మెట్రో ఎక్కుతానంటే గేటు దగ్గరే ఆగిపోతాను, ఫోన్ మాత్రం చేతిలోనే పట్టుకుంటాను.

అలాగని ఆ రోజు నాయనమ్మను ఊరికే వదల్లేదు. ఆ పొద్దున్నే పక్కింటి అక్కకు నా కథ మొదలుపెట్టింది. "మా చౌకీదార్ సాబ్ తల్లినే లోపటికి రానియ్యలే" అని ఇద్దరూ ఒకటే నవ్వు. నేను నెమ్మదిగా పాలగిన్నె, దూదివత్తి తెచ్చి వాళ్ల మధ్య పెట్టి, "నాయనమ్మా, గివెవరికే?" అని అడిగాను.

"చాయ్‌కి" అంది తడుముకోకుండా. దూదివత్తిని మాత్రం గబుక్కున కొంగులో దాచుకుంది.