ఏటి గట్టున విన్న గొంతు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. పొద్దంతా చెరకు తోటలో ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లకు భయపడే ఓపిక కూడా మిగలదు.

అవి గిర్మిట్ రోజులు. ఐదేళ్లు పని చేస్తామని ఆ గిర్మిట్ కాగితం మీద వేలిముద్ర వేసి ఫిజీకి వచ్చినవాళ్లం. బా అనే ఊరి దగ్గర ఒక తోటలో, కూలీలకు వరసగా కట్టిన లైన్ల గదుల్లో ఉండేవాళ్లం. ఆదివారం ఒక్కటే సెలవు. ఆ సాయంత్రం తెలుగువాళ్లం కొందరం ఏటి గట్టుకు వెళ్లి, మంట వేసి, కలిసి వండుకునేవాళ్లం. కుండ ఉడికేలోగా ఎవరో ఒకరు తమ తాతముత్తాతల సంగతి చెప్పాలి. మాకున్న వేడుక అదొక్కటే.

గవరయ్య మాత్రం ఎప్పుడూ నోరు విప్పేవాడు కాదు. విశాఖపట్నం వైపు మనిషి. కోత మొదలయ్యాక తిండి కూడా తగ్గించేశాడు. పక్క లైనులో ఒకడు అప్పటికే ఉరి వేసుకున్నాడు. ఇతనూ అదే పని చేస్తాడేమోనని నా మొగుడు రాత్రిళ్లు అతని గుమ్మంలో పడుకునేవాడు. కాపలా కాసి కాసి మేమూ అలిసిపోయాం.

ఆ ఆదివారం అన్నం వండి, చేపల పులుసు పెట్టాను. కర్రపెండలం నిప్పుల్లో కాల్చాం. ఇంకా వెలుతురు ఉంది. ఎవరూ అడగకుండానే గవరయ్య మొదలుపెట్టాడు. తను చంటిబిడ్డగా ఉన్నప్పుడు ఊరికి వరద వచ్చిందట. వాళ్ల తాత దూడను భుజాన వేసుకుని మెడలోతు నీళ్లలో ఏరు దాటాడట. దూడ బతికింది. ఆయన జ్వరంతో పోయాడు. ఇంట్లో అలాగే చెప్పారట.

"దూడ కోసం సచ్చిపోనాడు మా తాత," అన్నాడు నీరసంగా.

అప్పుడు మా వెనక నుంచి ఒక ముసలి ఆడగొంతు వినిపించింది.

"మోసింది దూడని కాదురా బుల్లోడా. నిన్ను."

అందులో కోపం లేదు. చిన్న పొరపాటు సరిదిద్దినట్టు ఉంది.

అందరం విన్నాం. అక్కడ ఆడవాళ్లం ఇద్దరమే. నేను పొయ్యి ఊదుతున్నాను. పైడమ్మ నా ఎదురుగా కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. వెనక చెరకు కొట్టేసిన మడి, మనిషి దాక్కునే చోటు లేదు. నా మొగుడు లేచి గట్టంతా తిరిగి వచ్చాడు. ఎవరూ కనబడలేదు. మాలో ఎవరిదీ గవరయ్య ఊరు కాదు. తనను బుల్లోడా అని పిలిచింది వాళ్ల నాయనమ్మ ఒక్కతేనని, తను ఓడ ఎక్కకముందే ఆమె పోయిందని తర్వాతెప్పుడో చెప్పాడు.

 అప్పుడు మాత్రం తన విస్తరాకు నా ముందుకు జరిపాడు.

"కూసింత అన్నం ఎట్టప్పా." అక్కను వాళ్ల వైపు అప్ప అంటారు.

పెట్టాను. మళ్లీ అడిగితే మళ్లీ పెట్టాను. ఆ రాత్రి నా మొగుడు మా గదిలోనే పడుకున్నాడు.

గవరయ్య గిర్మిట్ ముగించి, బా దగ్గరే కౌలు భూమిలో చెరకు వేశాడు. అక్కడే ముసలివాడయ్యాడు. ఆ మాట ఎవరన్నారో మేం ఎన్నోసార్లు తర్కించుకున్నాం. ఏమీ తేలలేదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. కానీ ఆ గొంతు నా చెవులతో విన్నాను. అది ఎవరిదో నాకు తెలియదు.