కలివి కంచె

మా పెరటి గట్టున అమ్మ నాటిన కలివి ముళ్లపొదను నరికించినవాడి మీద నాకు ఇప్పటికీ కడుపుమంటే. అది చల్లారాలని కూడా నాకు లేదు.

అతను మైదానం నుంచి వచ్చిన షావుకారు. అనంతగిరి దగ్గర మా ఇంటి పక్క స్థలంలో, బయటివాళ్లు ఇక్కడ భూమి కొనకూడదు గనక మా ఊరివాడి పేరు మీద, టూరిస్టుల కోసం గుడారాలు వేశాడు. నేను సంతకు వెళ్లిన రోజు చూసి, కింద నుంచి తెచ్చుకున్న కూలీలతో పొదను మొదలంటా కొట్టించాడు. గుడారాల్లోంచి కొండ కనబడాలట! నేను తిరిగొచ్చేసరికి పచ్చికాయల మధ్య పిగిలిపిట్ట గూడు బోర్లాపడి ఉంది. రెక్కలు రాని పిల్లలకు చీమలు పట్టాయి. తల్లిపిట్ట కరెంటు తీగ మీద కూర్చుని అరుస్తూనే ఉంది.

మా గూడెంలో గూడున్న కొమ్మకు కత్తి పెట్టరు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఎంత పనైనా ఆగాల్సిందే. "గూడు కాళీ అయ్యేదాకా ఆ పక్కకి ఎల్లకే గుంటా" అని అమ్మ నన్ను కసిరేది. ఆ మాటే అతనికి చెప్పాను. "పిట్టకి సెట్లే కరువా అమ్మా?" అని నవ్వాడు.

నీ పని చెప్తానుండు అనుకున్నాను.

ఆ వేసవిలోనే కొండెక్కి, నల్లగా పండిన కలివిపళ్లు ఏరుకొచ్చాను. తొలకరి పడగానే గట్టు పొడుగునా, నా హద్దులోనే, గింజలు నాటాను. మేకలు కొరక్కుండా ఎండుముళ్లు కప్పాను. నరికిన మోడు కూడా చిగురేసింది. కొన్నేళ్లకు నిలువెత్తు దాటిన కంచె అయింది. పూలకు సీతాకోకచిలుకలు, పళ్లకు పిగిలిపిట్టలు. అతని గుడారాల ముందు మాత్రం ముళ్లే.

పోయిన వేసవిలో గుమ్మం ముందు చెప్పులు విడిచి మరీ వచ్చాడు.

"అమ్మా, పైకొమ్మలు కొట్టుకోనీ. కొండ కనపడట్లేదని వచ్చినోళ్లు ఎల్లిపోతన్నారు."

"పిట్ట గుడ్లెట్టింది బాబూ" అన్నాను.

ఊరి పెద్దల దగ్గరికి వెళ్లాడు. గూడు ఖాళీ అయితే పైకొమ్మలు కొట్టుకోవచ్చు, అంతవరకూ ముట్టుకోకూడదని వాళ్లు తేల్చారు. అతను మళ్లీ వచ్చాడు. పిల్లలున్నాయన్నాను. ఆ తర్వాత వస్తే ఇంకో కొమ్మలో ఇంకో పిట్ట. అతని మొహం మాడిపోతుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

వానలు ముదిరాక మళ్లీ అడిగాడు. గూడుందన్నాను. నమ్మలేదు. "రేపొచ్చి నేనే సూస్తాను" అని వెళ్లాడు.

ఆ సాయంత్రం కంచె అంతా వెతికాను. ఒక్క గూడూ లేదు. ఎండుగడ్డి, కొబ్బరిపీచు తెచ్చి, ముళ్లలోకి చేతులు దూర్చి, అతనికి బాగా కనబడేంత ఎత్తులో నేనే గూడు కట్టాను. మోచేతుల దాకా చీరుకుపోయాయి.

మర్నాడు అతను గట్టు కింద నిలబడి, తలెత్తి చాలాసేపు చూశాడు.

"ఎప్పుడెగురుతాయమ్మా?" అన్నాడు నీరసంగా.

"ఇంకా గుడ్లే బాబూ" అన్నాను, చేతులు కొంగులో దాచుకుని.