చెప్పకుండా లాగిన డిస్కు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. పొద్దున ప్రార్థన, సాయంత్రం ప్రార్థన జరిగే ఇంట్లో వాటికి చోటెక్కడిది? ఇప్పటికీ ఇది దయ్యం పని అని అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

శ్రీకాకుళంలో మా అన్నయ్య ఇంట్లోనే ఉంటాను. ఆయన టీవీ కింద ఒక నల్ల పెట్టె పెట్టించాడు. దానికి యూఎస్‌బీ డిస్కు తగిలిస్తే అందులోని ఫొటోలు, పాటలు వైఫై మీద టీవీలోకి, అందరి ఫోన్లలోకి వస్తాయి. డిస్కు తీసేస్తే ఏమీ రావు.

ఆ డిస్కులో మా వదిన పాట ఉండేది. పెళ్లికూతుర్ని ఇంటి నుంచి పంపేటప్పుడు ప్రార్థనలో తల్లి పాడటం మా ఇంటి అలవాటు. వదిన మంచం పట్టాక, కూతురు సువార్త కోసం ముందే పాడి దాచింది. "అప్పటికి నానుంటానో నేదో" అనేది. ఉండలేదు.

డిస్కు తీయడం నాకు నేర్పింది ఆవిడే. డిస్కు తీస్తున్నామని ముందు ఫోన్లో నొక్కి పెట్టెకు చెప్పాలి, లైటు ఆరాక తీయాలి. ఓసారి వంటింట్లో నవ్వుతూ అంది: "ఒసే రత్నం, ఇంటికొచ్చిన సుట్టమైనా ఎల్లొస్తానని సెప్పే లెగుస్తాది. నువ్వూ సెప్పి తియ్యే." అక్కడ మేమిద్దరమే ఉన్నాం. ఆ మాట ఎవరూ రికార్డు చేయలేదు.

సువార్తకు పెళ్లి కుదిరాక, ఒక రోజు సినిమా చూద్దామని పెన్‌డ్రైవ్ తెచ్చాను. పెట్టెకున్నది ఒకటే కన్నం. డిస్కు లైటు ఇంకా మిణుకుమంటోంది. లాగేశాను.

మళ్లీ తగిలిస్తే డిస్కు కనిపించలేదు. బాగుచేసే కుర్రాడు అది పోయిందన్నాడు.

"మొన్న నానే కింద పడేసినాను అత్తా. అందుకే పోయినాది" అని సువార్త ఏడ్చింది. దాని తల నిమిరాను కానీ లాగేసింది నేనేనని చెప్పలేదు. డిస్కును బీరువాలో పెట్టి తాళం వేశాను.

పెళ్లి దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం వంటింట్లో నెత్తళ్ల చేపలు బాగుచేస్తుంటే, హాల్లోంచి వదిన పాట వినిపించింది. అవే చేతులతో పరుగెత్తాను. టీవీ మీద డిస్కు పేరు ఉంది. పెట్టె కన్నం ఖాళీగా ఉంది. బీరువా తాళం వేసినట్టే ఉంది.

ఎచ్చెర్లలో చదువుకుంటున్న సువార్తకు ఫోన్ చేసి, ఫోన్ టీవీ దగ్గర పట్టుకున్నాను. పాట చివరిదాకా వింది. తర్వాత వదిన గొంతు, నవ్వుతూ: "ఒసే రత్నం, సెప్పి తియ్యే."

టీవీ నల్లబడింది.

"అత్తా, అమ్మ నిన్ను ఏటి సెప్పి తియ్యమంటాది?" అని అడిగింది సువార్త.

అప్పుడు చెప్పాను. "అయితే నా వల్ల కాదన్నమాట" అని ఫోన్ పెట్టేసింది. ఇన్నాళ్లూ ఆ పిల్ల ఏం మోసిందో అప్పుడు తెలిసింది నాకు.

అన్నయ్య పెట్టె విప్పించి చూపించాడు. లోపల ఏ పాటా లేదు. డిస్కు మళ్లీ తగిలించినా పలకలేదు.

పెళ్లి రోజు ప్రార్థనలో ఆ పాట నన్నే పాడమంది సువార్త. సగంలో నేను ఆగిపోతే మిగతాది తనే అందుకుంది. అందరికీ చెప్పి కారెక్కబోతూ, నాకోసం వెనక్కి వచ్చింది.

"ఎల్లొస్తాను అత్తా."

ఆ మధ్యాహ్నం పాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. టీవీ దుమ్ము తుడిచేటప్పుడు మాత్రం, పెట్టెకున్న ఆ ఖాళీ కన్నం దగ్గర ముందు చెప్పి, ఆ తర్వాతే గుడ్డ పెడతాను.