నూరు కిలోల పరీక్ష

నారాయణఖేడ్‌లో బస్వరాజ్ ఏ వస్తువు బిగించినా, ముందు ఆయన దానికి వేలాడాలి. ఆ తర్వాతే ఇంటివాళ్ళు వాడుకోవాలి. నల్లా అయినా, బట్టల దండెం అయినా, తన నూరు కిలోల ఒంటిని మోయలేకపోతే అది దండగేనని ఆయన లెక్క.

ఒకసారి ఊళ్ళో నీలమ్మ మనవణ్ణి తొట్టెలలో వేసే రోజున ఉయ్యాల కొక్కెం బిగించి, చుట్టాలంతా చూస్తుండగా పిల్లాడికంటే ముందు తనే వేలాడాడు. ఇల్లు కూలుతుందని ఆడవాళ్ళు వాకిట్లోకి పరుగెత్తారు.

"పోరడు మూడు కిలోలు లేడు, నువ్వెందుకు ఏలాడుడు?" అని నీలమ్మ అరిచింది.

"పోరడు పెద్దగైతడు గదక్కా!" అన్నాడు బస్వరాజ్, కాళ్ళు దించకుండానే.

అలాంటి మనిషిని నర్మద పనికి పిలిచింది. వేరే దిక్కు లేక పిలిచింది. నెల కిందట ఆమె అత్త కాశమ్మ బాత్రూంలో జారబోయి నల్లా పట్టుకుంటే, నల్లా ఊడి చేతికొచ్చింది. తుంటి విరిగింది. సంగారెడ్డి దవాఖానలో ఆపరేషన్ చేయించుకుని, ఇన్నాళ్ళకు ఆ సాయంత్రం ఇంటికొస్తోంది. ఇంకోసారి పడితే ఇక నడక ఉండదని డాక్టరు చెప్పాడు. "నా తానానికి నేనే పోత, నన్నెవ్వరు పట్టుకోవద్దు" అని కాశమ్మ అక్కడే ఒట్టు పెట్టుకుంది. వద్దంటే ఆగే మనిషి కాదు. అందుకే ఆమె వచ్చేలోపు గోడకు పట్టుకునే స్టీలు రాడ్ పడాలి. నర్మదకు పొద్దుటినుంచి ముద్ద దిగలేదు.

రెండింటికల్లా రాడ్ బిగించాడు.

"అయిపోయింది గదన్నా?"

"యాడయింది? ఇంక ఏలాడలే."

రాడ్ నడుమెత్తులో ఉంది. బస్వరాజ్ దాన్ని రెండు చేతులా పట్టుకుని, మోకాళ్ళు బొజ్జకు ఆనించి, నేలకు జానెడు ఎత్తులో ముడుచుకుపోయాడు. ఒకటి, రెండు అనేలోపు రాడ్, రెండు టైల్సు, బస్వరాజ్ కలిసి కిందికొచ్చారు.

ఫోన్ మోగింది. నర్మద భర్త మల్లేష్. "అమ్మను తోల్కొని జోగిపేట దాటినం."

నర్మదకు ఏడుపొక్కటే తక్కువ. "అత్తమ్మ నలభై కిలోలు గూడ లేదన్నా! నువ్వు ఏలాడకుంటే రాడ్ ఆగుతుండె!"

"జారెటప్పుడు మనిషి బరువు మూడింతలైతది చెల్లె. నేనే తక్కువ."

రెండోసారి పొడుగు స్క్రూలు వేశాడు. ఈసారి రాడ్‌తో పాటు గుప్పెడు ఇసుక రాలింది. బస్వరాజ్ లేచి, నడుము రుద్దుకుంటూ గోడ అవతలేముందని అడిగాడు. వంటిల్లు. పోపు డబ్బాల అర ఖాళీ చేయించి, గోడకు ఇటునుంచి అటు రంధ్రాలు వేశాడు. అటు ఇనుప ప్లేటు, ఇటు రాడ్, రెంటినీ కలుపుతూ జానెడు పొడుగు బోల్టులు.

"దగ్గర్కొచ్చినం, నిజాంపేట కాడున్నం" అన్నాడు మల్లేష్ ఫోన్‌లో.

"ప్లేటు కదిల్తే గట్టిగ ఒర్రు చెల్లే!" అని బాత్రూంలోంచి కేక వేసి, బస్వరాజ్ వేలాడాడు. నర్మద వంటింట్లో ప్లేటు మీద అరచేయి పెట్టి, కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టింది. ప్లేటు కదల్లేదు. ఆయన మాత్రం దిగి, మళ్ళీ వేలాడాడు. ఇంకోసారి కూడా. అంతలో వాకిట్లో కారు ఆగింది.

కాశమ్మ వాకర్ పట్టుకుని నేరుగా బాత్రూం గడప దాకా వచ్చింది. రాడ్‌ను చూసి ఆగిపోయింది.

"నల్లా గూడ గిట్లనే మెరిసింది" అంటూ ఒక అడుగు వెనక్కి వేసింది. ఇరవై ఏళ్ళలో అత్త భయపడటం నర్మద ఎన్నడూ చూడలేదు.

"బస్వరాజూ, నువ్వు ఏలాడి సూపియ్యి" అంది కాశమ్మ.

వేలాడాడు.

"కాళ్ళు లేపు."

"లేపిన అవ్వా."

"నర్మదా, కుర్చీ ఎయ్యి. చాయ్ తే."

కాశమ్మ కూర్చుని, చాయ్ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ తాగింది. బస్వరాజ్ మొహం కందగడ్డయింది.

"అయిందా అవ్వా?"

"సగమున్నది. మాట్లాడకు, బలం పోతది."

చాయ్ అయ్యాక లేచి, ఆయన పిడికిలి పక్కనే తన చేయి వేసింది. "ఇడ్వకు!" అంది. "ఇడుస్తనా!" అంటూనే బస్వరాజ్ పాదాలు మెల్లగా నేలకానించి, ఒక్కో వేలే తీసేశాడు. కాశమ్మ ఒళ్ళంతా ఇప్పుడు రాడ్ మీదే ఉంది. రాడ్ నిలబడింది. అది తెలిసి ఆమె మొహం వెలిగింది.

"అందరు బయటికి పోర్రి" అని తలుపేసుకుంది.

బయట ముగ్గురూ చెవులు రిక్కించారు. నీళ్ళ చప్పుడు. తర్వాత చప్పుడు లేదు. ఉన్నట్టుండి ఏదో టంగుమని పడింది. మల్లేష్ తలుపు మీదికి ఉరికాడు.

"చెంబు!" అని లోపల్నుంచి వినబడింది. "తలుపు ముట్టినోని చెయ్యి ఇరగ్గొడ్త!"

పావుగంటకు కాశమ్మ తడి జుట్టుతో, తన కాళ్ళమీద తనే బయటికొచ్చింది.

వాకిట్లో బస్వరాజ్ అరచేతులు ఊదుకుంటున్నాడు. రెండింటి నిండా బొబ్బలు.

"రాడ్ ఆగుతదని నీకు ముందే ఎరుక గదన్నా. ఒక్కపారి ఏలాడి ఎందుకు దిగలే?" అంది నర్మద.

"నాకెరుక. అవ్వకు ఎరుక గావొద్దా?"

నీలమ్మ ఇంట్లో కొక్కెం చూసి బెదిరి, పిల్లాణ్ణి ఒళ్ళోంచి దించని బాలింత, బస్వరాజ్ దిగాకే నవ్వుతూ తొట్టెలలో పడుకోబెట్టిందని నర్మదకు అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ ఆయన్ను చూసి నవ్వినందుకు సిగ్గేసింది. మజ్జిగ తెచ్చి, గ్లాసు ఆయన పట్టుకోలేకపోతే తనే పట్టుకుని తాగించింది.

నెల తిరిగేసరికి బస్వరాజ్ మళ్ళీ వచ్చాడు. నేరుగా బాత్రూం దగ్గరికి పోయాడు. తలుపు వేసి ఉంది.

"ఎవ్వరు?" అంది కాశమ్మ లోపల్నుంచి.

"నేనవ్వా. రాడ్ సూసిపోదామని."

"ఆగు. నేనింక ఏలాడుతనే ఉన్న."