ఫ్లెక్సీలో అయిపోయిన డిగ్రీ

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కావు, చేతుల్లో ఫోన్లూ ఫోన్లలో స్టేటస్‌లూ ఉన్న రోజులే) మా హన్మకొండ చౌరస్తాలో ఎవరికి ఏ మంచి జరిగినా అది ముందు ఫ్లెక్సీ ఎక్కాలి. పుట్టినరోజైనా, ఉద్యోగమైనా, అయ్యప్ప మాలైనా సరే, ఫ్లెక్సీ కట్టకపోతే జరగనట్టే లెక్క. ఇంటర్ తరవాత బీకాం, ఎంకాం రెండూ కలిపి చెప్పే ఐదేళ్ల కోర్సులో చేరినప్పుడు నేనీ సంగతి ఆలోచించలేదు. అకౌంట్సంటే నాకు ప్రాణం. అందుకని డెబిట్లూ క్రెడిట్లూ చూసుకున్నాను గాని చౌరస్తాని చూసుకోలేదు. దానికి రెండేళ్లు అనుభవించాను.

మాది బియ్యం, పప్పుల దుకాణం. బాపు (అంటే మా నాన్న), ఆయన అన్న పెద్దబాపు కలిసి నడిపేవారు. నడిపేవారంటే, బాపు తూచేవాడు, పెద్దబాపు గల్లా దగ్గర కూర్చుని మాట్లాడేవాడు. అన్న మాటకి బాపు ఎదురు చెప్పగా నేనెన్నడూ వినలేదు. కాలేజీలో చేరేటప్పుడే ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను, ఇది ఐదేళ్ల చదువు, రెండు పట్టాలూ చివర్లోనే ఇస్తారు, మధ్యలో ఏమీ చేతికి రాదు అని. పెద్దబాపు తలూపాడు. ఆయన తలూపాడంటే వినలేదని అర్థం (మా ఇంటికొచ్చిన కోడళ్లకి ఈ సంగతి మొదటి వారంలోనే తెలిసిపోతుంది).

మూడో ఏడు ఆఖరి పరీక్ష రాసి చౌరస్తాలో ఆటో దిగితే, మా దుకాణం పైన నేనే ఉన్నాను. తల నాది, బస్‌పాస్ ఫొటోలోది. ఒళ్లు మాత్రం ఎవరో డాక్టరమ్మది. నల్ల గౌను మీద స్టెతస్కోపు సగం చెరిపి, సగం వదిలేశారు. ‘డిగ్రీ పట్టా సాధించిన మా ఇంటి ఆణిముత్యం’ అని పైన రాసి ఉంది. కింద నా మొహం కంటే పెద్దగా పెద్దబాపు, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, లోకానికంతా దండం పెడుతూ ఉన్నాడు. డిగ్రీ అంటే మూడేళ్లు, మూడేళ్లయింది కాబట్టి డిగ్రీ అయింది, ఇంతే ఆయన లెక్క. ఇంకా రెండేళ్లుందని చెప్పబోతే నా నోట్లో లడ్డూ పెట్టాడు. అప్పటికే బజారంతా పంచేశారట. మింగలేక, కక్కలేక అక్కడే నిలబడ్డాను.

సెలవులయ్యాక మళ్లీ బ్యాగు తగిలించుకుని బయల్దేరానో లేదో, చౌరస్తా మొత్తం నా మీద జాలిపడటం మొదలుపెట్టింది. బట్టల దుకాణం మామ పక్కకి పిలిచి, ఎన్ని సబ్జెక్టులు పోయాయని గుసగుసగా అడిగాడు. స్టీలు సామాన్ల అత్త బాదంపప్పులు నానబెట్టుకుని తినమంది. కోర్సే ఐదేళ్లని ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పాను. ‘తప్పినోళ్లందరు గట్లనే చెప్తరు బిడ్డా, ఫికర్ చెయ్యకు’ అని వాళ్లే నన్ను ఓదార్చారు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ జాలి కాస్తా పాకి పాకి గల్లా దగ్గరికి చేరింది. ఫ్లెక్సీ మీద ఉన్నది పెద్దబాపు మొహం కూడా కదా.

ఆ సాయంత్రం పెద్దబాపు నన్ను దుకాణానికి పిలిపించి తీర్పు చెప్పేశాడు.

“అయిపోయిందని ఫ్లెక్సీ కట్టినం. బజారంత లడ్డూలు తిన్నరు. ఇగ అయిపోయినట్టే. రేపటి సంది కాలేజి బంద్.”

మూడేళ్లు చదివి, ఒక్క పట్టా కూడా లేకుండా, ఒక ఫ్లెక్సీ కోసం ఇంట్లో కూర్చోవాలా? కోపంతో కళ్లలో నీళ్లొచ్చాయి. బాపు వైపు చూశాను. ఆయన కందిపప్పు తూస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

“అన్నా, బిడ్డను హైదరాబాదు నాన్‌స్టాప్ బస్సు ఎక్కిచ్చినం. అది నడుమ జనగామల ఆగది. ఇప్పుడు దిగుమంటె యాడ దిగుతది? పోనియ్యి.”

అన్న ముందు బాపు అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. మాట్లాడుతున్నంతసేపూ తక్కెడలో పప్పు పోస్తూనే ఉన్నాడు. ఆ పప్పు కొన్నావిడకి ఆ రోజు తూకం బాగా మొగ్గింది. పెద్దబాపు చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. చివరికి, సరే పొమ్మన్నాడు, బజారుకి ఏం చెప్పుకోవాలో తను చూసుకుంటానన్నాడు. సంతోషంలో ఆ రెండో ముక్క పట్టించుకోలేదు. భయపడాల్సింది దానికే.

మర్నాడు పొద్దున బట్టల దుకాణం మామ లేచి నిలబడి “నమస్తే మేడం” అన్నాడు. డిగ్రీ కాగానే కాలేజీ వాళ్లే బతిమాలి నన్ను లెక్చరర్‌గా పెట్టుకున్నారని పెద్దబాపు రాత్రికి రాత్రే బజారంతా చెప్పేశాడు. అందుకే రోజూ పోతాందట! ఇక చూడండి నా అవస్థ. నేను కాస్ట్ అకౌంటింగ్ బుర్రకెక్కక ఏడుస్తుంటే, స్టీలు సామాన్ల అత్త తన కొడుకు మార్కుల కోసం పళ్లు పట్టుకొచ్చేది. వాడు నా జూనియర్, నేను క్లాసులో తిట్లు తినడం కిటికీలోంచి చూసినవాడు. నోరు విప్పకుండా ఉండేందుకు వాడికి క్యాంటీన్‌లో సమోసాలు కొనిపెట్టేదాన్ని. హాల్‌టికెట్ జిరాక్స్‌కి వెళ్తే ఆ షాపాయన, “పరీక్షల డ్యూటీ పడ్డదా మేడం?” అని అడిగేవాడు. పడ్డదనేదాన్ని. రేపు నాకే పరీక్ష మొర్రో అంటే వినేదెవరు?

చివరికి రెండు పట్టాలూ ఒకేసారి వచ్చాయి. బాపు తువ్వాలుతో చేతులు తుడుచుకుని, రెండింటినీ వెలుతురులో పెట్టి చూసి, ‘బస్సు దిగినవా బిడ్డా’ అన్నాడు. సిగ్గు చంపుకుని పెద్దబాపుని అడిగాను, ఇప్పుడు కట్టిస్తావా ఫ్లెక్సీ అని.

“ఏమని కట్టాలె బిడ్డా? డిగ్రీ అప్పుడే అయిపాయె. లెక్చరర్‌వి గూడ అయితివి. కొత్త ముచ్చట ఏమున్నది?”

ఇప్పుడు నేను నిజంగానే అకౌంట్స్ లెక్చరర్ని. ఉద్యోగం వచ్చిన రోజు స్వీట్లు పట్టుకుని చౌరస్తా అంతా తిరిగితే, ప్రమోషనా మేడం అని అడిగి తిన్నారు. ఒళ్లు మండింది. నిజం చెప్పొద్దూ, ఇప్పటికీ మండుతుంది. మొన్న వానలో దుకాణానికి వెళ్తే, బయట బియ్యం బస్తాల మీద ఆ పాత ఫ్లెక్సీ కప్పి ఉంది. పెద్దబాపు కళ్లద్దాలు వెలిసిపోయాయి, నా నవ్వు మాత్రం అలాగే ఉంది. పిచ్చిది, సగం స్టెతస్కోపు వేసుకుని, చేతిలో ఏ పట్టా లేకుండా, అంతా అయిపోయినట్టు ఎంత ధీమాగా నవ్వుతోందో. దాని మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. గాలికి లేస్తున్న అంచు లాగి, బస్తా కింద దోపి, లోపలికి వెళ్లాను.